క్యాన్సర్ మందుకు అమ్మ గుండె పంపింగ్ తగ్గింది, ఇప్పుడు రీసెర్చ్‌కు రక్తం అడుగుతున్నారు. ఇవ్వాలా?

విభాగం: ఆరోగ్యం » కర్నూలు, నంద్యాల

హంద్రీ_ఒడ్డు
ఆదివారం, రాత్రి 10:12

ఇక్కడ ఇన్నాళ్లూ చదవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడు రాయాల్సి వచ్చింది.

మా అమ్మకు 57 ఏళ్లు. ఊరు కోడుమూరు దగ్గర, ప్రస్తుతం మాతోపాటు కర్నూల్లో ఉంటోంది. పోయినేడు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది, హెర్-2 పాజిటివ్ అన్నారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఎర్ర ఇంజెక్షన్ నాలుగు సార్లు ఎక్కించారు. తర్వాత వారం వారం ఇంకో కీమో, దాంతోపాటు మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్. ఏడాది పాటు మొత్తం 18 డోసులు అని లెక్క చెప్పారు. తొమ్మిది అయ్యాయి. పదోదానికి పోతే ముందు ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించుకు రమ్మన్నారు. మొదట్లో 62 శాతం ఉన్న పంపింగ్ 46కు పడిపోయింది. మందు ఆపేసి గుండె డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన రెండు రకాల మాత్రలు రాశారు.

అమ్మకు పెద్దగా ఆయాసం లేదు. మేడ మెట్లెక్కితే రొప్పుతోంది, అంతే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "క్యాన్సర్ పోవాలని గుండెను ఇచ్చుకున్నామా పాపా" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక కిటికీ వైపు చూస్తూ కూర్చున్నా.

ఇంకో సంగతి. పోయిన వారం ఆసుపత్రిలో ఒకమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చింది. ఇలా గుండె దెబ్బతిన్నవాళ్ల మీద పరిశోధన జరుగుతోంది, మందులేమీ మార్చం, రెండేళ్లలో అప్పుడప్పుడూ కొంచెం రక్తం ఇవ్వాలి, ఎకో రిపోర్టులు మాకూ ఒక కాపీ ఇవ్వాలి, సంతకం పెడతారా అని అడిగింది. కాగితాలు 11 పేజీలు. తెలుగులోనే ఉన్నాయి గానీ ఆ తెలుగు డిగ్రీ చదివిన నాకే కొరుకుడు పడలేదు. నాన్న "మనమేమన్నా ఎలుకలమా" అని లేచి నిలబడ్డాడు.

పంపింగ్ మళ్లీ వస్తుందా? ఆ సంతకం పెట్టొచ్చా?

జొన్నరొట్టె_కారం
ఆదివారం, రాత్రి 10:31

మీ నాయనే కరెక్టు చెల్లీ. పెట్టొద్దు. 2009లో ఖమ్మం జిల్లాలో ఏమైందో గుర్తులేదా? హాస్టల్లో ఉండే గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి, తల్లిదండ్రులకు చెప్పకుండా చాలా చోట్ల వార్డెన్లతో సంతకాలు పెట్టించారు. గొడవై 2010లో ఆపేశారు. పార్లమెంటు కమిటీ దాకా పోయింది. పేదోళ్ల ఒళ్లంటే అంత లోకువ వీళ్లకు.

నల్లమల_గాలి
ఆదివారం, రాత్రి 10:58

అమ్మగారు త్వరగా కోలుకోవాలి. మాకేమీ తెలీదు గానీ థ్రెడ్ ఫాలో అవుతున్నా. మా పిన్నికీ ఇదే మందు మొదలుపెడతారంట.

అయివారు_రిటైర్డ్
సోమవారం, ఉదయం 5:50

తల్లీ, నేను డాక్టర్ని కాదు. ఫార్మకాలజీ చెప్పి రిటైరైన వాణ్ని. మీ అమ్మగారి వైద్యం గురించి మీ డాక్టర్లదే మాట. కానీ ఆవిడ అడిగిన ప్రశ్నకు, మందు గుండెను ఎందుకు పట్టుకుంది అనేదానికి, నాకు తెలిసిన కథ ఉంది. కాస్త పొడుగు, ఓపిగ్గా చదువు.

హెర్-2 అనేది కణం మీద ఉండి సంకేతాలు అందుకునే ఒక రిసెప్టర్. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఇది లెక్కకు మించి ఉంటుంది. 'పెరుగు, పెరుగు' అని కణానికి ఆగకుండా చెబుతూనే ఉంటుంది. ట్రాస్టుజుమాబ్ దాని మీద కూర్చుని నోరు మూయిస్తుంది. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకు ముందు హెర్-2 పాజిటివ్ అంటే డాక్టర్ల మొహాలు వాడిపోయేవి. ఈ మందొచ్చాక ఆ మాట వింటే 'సరే, దీనికి మందుంది' అనే రోజు వచ్చింది.

అయితే 2001లో అచ్చయిన ట్రయల్ చూసి అందరూ ఉలిక్కిపడ్డారు. మీరు ఎర్ర ఇంజెక్షన్ అంటున్నారే, ఆ జాతి మందుతో కలిపి ఒకేసారి ట్రాస్టుజుమాబ్ ఇచ్చిన స్త్రీలలో 27 శాతం మందికి గుండె ఇబ్బంది వచ్చింది. ఎర్ర మందు ఒక్కటే తీసుకున్నవాళ్లలో 8 శాతం. క్యాన్సర్ కణం కోసం చేసిన బాణం గుండెకు ఎందుకు తగిలింది? ల్యాబ్‌కు తిరిగి వెళ్లి చూస్తే తేలిందేమిటంటే, గుండె కండరానికీ ఆ హెర్-2 కావాలి. కష్టమొచ్చినప్పుడు అక్కడి కణం తనను తాను బాగుచేసుకునేది దాని సాయంతోనే. 2002లో గుండె కండరంలో మాత్రం ఆ జన్యువు లేకుండా ఎలుకల్ని పుట్టిస్తే, వాటి గుండెలు సాగి, పలచబడి, పంపింగ్ తగ్గిపోయింది.

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. ఆ జన్యువు అసలే లేని ఎలుక పిండాలు గుండె సరిగ్గా ఏర్పడక కడుపులోనే చచ్చిపోతాయని 1995లోనే అచ్చయింది. మందుకు అనుమతి రావడానికి మూడేళ్ల ముందు! ఆ కాగితం ఒక బల్ల మీద, ఈ మందు ఇంకో బల్ల మీద. రెండు బల్లల మధ్య నడిచే మనిషి కావాలి. ఆ నడకనే ఇప్పుడు ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్ అంటున్నారు. అనువాద పరిశోధన అని తెలుగు చేస్తున్నారు కొందరు, వింటే తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్ల పని అనిపిస్తుంది.

ఆ రెండు మందులూ ఒకేసారి ఎక్కించకుండా ఒకటయ్యాక ఒకటి ఇస్తున్నదీ, మూడు నెలలకోసారి ఎకో అడుగుతున్నదీ ఆ దెబ్బ తర్వాతే. మీ అమ్మగారికి 46 అని ముందే తెలిసిందంటే, ఆ ట్రయల్లో పాల్గొన్న ఎవరో ఆడవాళ్లు తమ ఎకో రిపోర్టులు ఇచ్చారు కాబట్టి.

జొన్నరొట్టె_కారం
సోమవారం, ఉదయం 7:22

అయివారూ, కథ బాగుంది. కానీ 27 శాతం మంది గుండె పోగొట్టుకుంటే గానీ తెలియలేదంటే ఏమనాలి? నేననేది కూడా అదే కదా.

అయివారు_రిటైర్డ్
సోమవారం, ఉదయం 7:40

అది కాదనను. నువ్వు చెప్పిన ఖమ్మం సంగతిలోనూ సగం నిజం కాదు, ముప్పాతిక నిజం. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. సంతకాల విషయంలో మాత్రం తప్పు జరిగింది, దాన్ని ఎవరూ కడగలేరు. ఆ తర్వాతే ట్రయల్లో హాని జరిగితే పరిహారం, ఉచిత వైద్యం అనే నియమాలు గట్టిపడ్డాయి. 2019లో కొత్త రూల్స్ వచ్చాయి.

గుంతకల్లు_ప్యాసింజర్
సోమవారం, ఉదయం 9:15

నేను ఎకో గదిలో పని చేస్తా. ఎక్కడ అనేది వద్దు. అయివారి కథ అయ్యాక కొంచెం పనికొచ్చే ముక్కలు చెబుతా అక్కా.

62 నుంచి 46 అంటే సరిగ్గా 16 పాయింట్లు. అంత పడితే కనీసం నాలుగు వారాలు మందు ఆపి మళ్లీ ఎకో చూడమని మందు వివరాల్లోనే ఉంటుంది. కాబట్టి మీ డాక్టరు ఆపడం కొత్త సంగతేమీ కాదు, భయపడొద్దు. ఈ మందు వల్ల తగ్గిన పంపింగ్ చాలామందిలో ఆపాక కొన్ని వారాల్లోనో నెలల్లోనో తిరిగి వస్తుంది. ఎర్ర మందు సంగతి వేరు. దాని దెబ్బ మోతాదును బట్టి పెరుగుతుంది, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది, పూర్తిగా మానడం కష్టం. అందుకే జీవితం మొత్తానికి ఇంత అని దానికి పరిమితి ఉంటుంది. అమ్మకు నాలుగే కాబట్టి ఆ పరిమితికి చాలా ఇవతలే ఉండి ఉంటారు, అయినా ఫైలులో మొత్తం మోతాదు ఎంతో రాయించి పెట్టుకోండి.

ఎకో ఎప్పుడూ ఒకేచోట, కుదిరితే ఒకే మనిషి చేత చేయించండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. మనిషి మారితే, మెషీన్ మారితే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ ఊరికే మారతాయి. హైదరాబాద్‌లో ఒకసారి, ఇక్కడ సెంటర్‌లో ఒకసారి, ఆదోనిలో చుట్టాలింటికి పోయి అక్కడొకసారి తీయించి మూడూ పక్కన పెట్టుకుని ఏడ్చేవాళ్లను చూశా. స్ట్రెయిన్ అని ఒక కొలత ఉంది, కండరం ఎంత సాగుతోంది ఎంత ముడుచుకుంటోంది అని చూసేది. పంపింగ్ పడకముందే అది తగ్గడం మొదలవుతుంది. అడిగితే కొన్నిచోట్ల చేస్తారు. మీ పాత ఎకోల బొమ్మలు సీడీలో ఉంటే అవి కూడా తీసుకెళ్లండి, ఉత్త కాగితం చాలదు.

హంద్రీ_ఒడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1:30

గుంతకల్లు తమ్ముడూ, అయివారూ, ఏమని చెప్పాలి. ఆఫీసులో లంచ్ టైమ్‌లో చదివి ఏడుపొచ్చింది. నాలుగు వారాల మాట మాకెవరూ చెప్పలేదు, "ఆపేస్తున్నాం" అన్నారంతే. మేం శాశ్వతంగా అనుకున్నాం.

ఇంకొకటి అడగాలి. తొమ్మిది దగ్గర ఆగింది కదా, సగం కోర్సు. సగం మందు వేసుకుంటే లాభం లేదని, రోగం ఎదురు తిరుగుతుందని పక్కింటావిడ అంటోంది. ఇది నిజమా?

అయివారు_రిటైర్డ్
సోమవారం, సాయంత్రం 6:10

పక్కింటావిడ యాంటీబయాటిక్స్ సూత్రం దీనికి తగిలించింది.

ఏడాది అనే లెక్క మొదటి పెద్ద ట్రయల్స్‌లో ఏడాది ఇచ్చి చూశారు కాబట్టి వచ్చింది. అది తక్కువైతే ఏమవుతుందో తర్వాత చూశారు. బ్రిటన్‌లో 4,000 మందికి పైగా స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 12 నెలలు, ఇంకో జట్టుకు 6 నెలలు, అంటే తొమ్మిది డోసులు ఇచ్చారు. అవును, సరిగ్గా మీ అమ్మగారికి పడినన్ని. 2019లో ఫలితం వచ్చింది. నాలుగేళ్లకు రోగం తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ఏడాది జట్టులో 89.8 శాతం, ఆరు నెలల జట్టులో 89.4. గుండె ఇబ్బందితో మందు ఆపాల్సి వచ్చినవాళ్లు ఏడాది జట్టులో 8 శాతం, ఆరు నెలల జట్టులో 3.

ఇది చదివి 'ఇక చాలు' అనుకోవద్దు. ఫ్రాన్సులో ఇలాంటిదే చేస్తే ఆరు నెలలు ఏడాదితో సమానమని తేల్చలేకపోయారు. అందుకే ఇప్పటికీ ఏడాదే ప్రమాణం. మిగతా తొమ్మిది ఇవ్వాలా వద్దా అనేది గడ్డ సైజు, చంకలోని గ్రంథులకు పాకిందా లేదా, వచ్చే ఎకో ఎంత అనేవాటిని బట్టి మీ డాక్టర్లిద్దరూ కలిసి తేల్చాలి. నేను చెప్పేదల్లా ఒకటే, పడిన తొమ్మిదీ బూడిదలో పోసిన పన్నీరు కాదు. అమ్మకు ఆ మాట చెప్పు.

ఆయుర్వేద_మిత్ర
సోమవారం, రాత్రి 8:02

కీమో విషం. మా దగ్గర 41 రోజుల కషాయంతో గుండె, క్యాన్సర్ రెండూ వేళ్లతో సహా పోతాయి. వందల మందికి నయమైంది. నంబరు: [తొలగించబడింది]

మోడరేటర్_బురుజు
సోమవారం, రాత్రి 8:09

నంబరు తీసేశాను. రెండోసారి వేస్తే ఖాతా తీసేస్తాను. 'వందల మందికి' అంటే ఎవరికి, ఏ రిపోర్టుతో అని అడిగితే జవాబుండదని తెలుసు కాబట్టి అడగడం లేదు.

డోన్_జంక్షన్
సోమవారం, రాత్రి 9:20

కషాయం ఆయన్ను వదిలేద్దాం గానీ, విషం అన్న మాట పూర్తిగా తప్పేం కాదు, సరదాగా చెబుతున్నా. మా అన్న కొడుక్కి 2017లో ఒక రకం బ్లడ్ క్యాన్సర్ వచ్చింది, ఎం3 అంటారు. వెల్లూరు తీసుకెళ్లాం. అక్కడ ఎక్కించిన మందు ఆర్సెనిక్. అంటే పాషాణం! మా వదిన కన్సెంట్ కాగితం చదివి స్పృహ తప్పినంత పని చేసింది. చైనా డాక్టర్లు మొదలుపెట్టారంట, వెల్లూరు వాళ్లు 1998 నుంచి అదొక్కటే ఇచ్చి నయం చేసి ప్రపంచానికి లెక్కలు చూపించారని అక్కడి డాక్టరు చెప్పారు. పిల్లోడు ఇప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. బ్యాక్‌లాగ్స్ మూడు, దానికి మాత్రం పాషాణం కారణం కాదు.

నా డౌటు వేరే. ప్రతి వారం పేపర్లో 'క్యాన్సర్‌కు మందు కనిపెట్టారు, ఎలుకల్లో విజయవంతం' అని వస్తుంది. తర్వాత ఆ మందు యాడికి పోతుంది? ఎలుకలు మాత్రం ఆరోగ్యంగా ఉంటాయి.

అయివారు_రిటైర్డ్
మంగళవారం, ఉదయం 5:45

డోన్ బాబూ, నిన్న రాత్రే చూశాను, కానీ దీనికి పొద్దున్నే కాఫీ తాగి రాయాలి.

ముందు ఎలుక మోసం చేసిన కథ. మీలో సగంమంది రాత్రిపూట వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన దాదాపు 6,000 రకాల బూజుల్ని గాలించాడు. క్యోటోలో ఒక ధాన్యం కొట్లోని బియ్యం మీద పట్టిన బూజులో 1973లో ఆ పదార్థం దొరికింది. మన సోనామసూరి మూటకు బూజు పడితే పారేస్తాం, ఆయన దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. తీరా ఎలుకలకు ఇస్తే కొలెస్ట్రాల్ కదల్లేదు. కంపెనీ దాదాపు వదిలేసింది. అప్పుడాయన ఇంకో విభాగంలో గుడ్ల కోళ్లను పెంచుతున్న మిత్రుణ్ని బతిమాలుకుని కోళ్లకు పెట్టించాడు. కోడి రక్తంలో సగానికి సగం తగ్గింది! ఎలుకను నమ్మి ఊరుకుని ఉంటే స్టాటిన్లు లేవు. ఆయన కనిపెట్టిన మొదటి పదార్థం మందుగా అమ్మకానికి రానేలేదు. దాని తమ్ముడు లాంటిది 1987లో అమెరికాలో అనుమతి పొందింది. 1973 ఎక్కడ, 1987 ఎక్కడ.

ఇప్పుడు తిరగేసి చూడు. గుండెపోటు వచ్చిన వాళ్లలో కొందరికి గుండె లయ తప్పి అదనపు దెబ్బలు కొట్టుకుంటుంది, వాళ్లకు ఆకస్మిక మరణం ఎక్కువ. కాబట్టి ఆ దెబ్బల్ని అణిచే మాత్ర ఇస్తే బతుకుతారు. ఎంత చక్కటి తర్కం! డాక్టర్లు ఇచ్చేస్తున్నారు కూడా. ట్రయల్ పెట్టి చూస్తే 1989లో తేలింది, మాత్ర వేసుకున్నవాళ్లు మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లకంటే రెట్టింపుకు మించి చనిపోయారని. ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు. మంచి కొలెస్ట్రాల్‌ను 70 శాతం పైగా పెంచిన మందు ఒకటి ఉండేది, టోర్సెట్రాపిబ్. 15,000 మంది మీద పరీక్షిస్తుండగా చావులు పెరిగాయని 2006 డిసెంబర్‌లో ఆపేశారు. నోట్లో పడాల్సిన ముద్ద చెయ్యి జారడం అంటే అదే.

ఇక గుండె, క్యాన్సర్ రెండింటినీ ముట్టుకున్న వింత ఒకటి. రక్తనాళాల్లో కొవ్వు ఒక్కటే కాదు, వాపు కూడా గుండెపోటుకు కారణమేమో అని, వాపును తగ్గించే కనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను 10,000 మంది గుండె రోగులకు ఇచ్చి చూశారు. 2017లో ఫలితం. గుండెపోట్లు కొంత తగ్గాయి. ఎవరూ ఎదురుచూడనిది, ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు కూడా తగ్గినట్టు కనిపించింది! అందరూ ఎగిరి గంతేశారు. దాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ మందుగానే పెట్టి పెద్ద ట్రయల్స్ చేశారు. ఆశించింది దక్కలేదు. గుండెకు వాడటానికీ అమెరికాలో అనుమతి దొరకలేదు. ఇలా పోతాయి బాబూ, యాడికి పోతాయంటే.

డోన్_జంక్షన్
మంగళవారం, ఉదయం 8:30

కోళ్ల కథకు మాత్రం నాటుకోడి పులుసు బాకీ ఉన్నా అయివారూ.

పాతవాల్వు_1996
మంగళవారం, ఉదయం 11:05

చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరమొచ్చి గుండె వాల్వు చెడిపోయింది. 1996లో పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీలో ఒక్క రూపాయి లేకుండా వాల్వు మార్చారు. అప్పట్నుంచి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నా, నెలనెలా ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష, చూపించుకుంటా. ఆకుకూర ఎక్కువ తింటే ఒక లెక్క, జ్వరమొస్తే ఇంకో లెక్క. మా తమ్ముడికి వాల్వు మార్చలేదు గానీ అదే జబ్బు, గుండె లయ కూడా తప్పింది, అదే మాత్ర. ఐఎన్ఆర్ కోసం వెల్దుర్తి నుంచి వచ్చిపోయేసరికి కూలి పోతుంది. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలొచ్చాయి కదా, అవి రాయమని మావాడు డాక్టరును పోరాడు. డాక్టరు ఏమన్నాడో తెలుసా? మీలాంటి జబ్బున్న 4,500 మంది మీద, మన దేశం వాళ్లు కూడా ఉన్నారు, కొత్తదీ పాతదీ పోల్చి చూశారు, 2022లో తేలింది, పాత మాత్ర వేసుకున్నవాళ్లే ఎక్కువమంది బతికారు అని.

ఆ 4,500 మంది సంతకం పెట్టకపోయి ఉంటే మావాడు కొత్త మాత్రకు మారి ఉండేవాడు. నేను చెప్పేది అంతే తల్లీ.

ఐఎన్ఆర్ చూసే మెషీన్ మాత్రం ఇప్పటికీ వెల్దుర్తికి రాలేదు.

జొన్నరొట్టె_కారం
మంగళవారం, మధ్యాహ్నం 2:40

పెద్దాయనా, ఆ చివరి లైనే నా గొంతులో అడ్డం పడింది. ఎక్కడో ఎవరో కనిపెడతారు, మనం రక్తమిస్తాం, మందు మనదాకా వచ్చేసరికి మన తరం అయిపోతుంది. నా కోపం అందుకు.

అయివారు_రిటైర్డ్
మంగళవారం, సాయంత్రం 5:20

ఎక్కడో ఎవరో అన్నావు కాబట్టి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారీ మీద పని చేశాడు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, ఉన్న పిల్లలకు రోగం ఎక్కువవుతున్నట్టుందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుకు అనుమానం వచ్చింది. అయితే దానికి విరుద్ధంగా పనిచేసేది ఇస్తే? సుబ్బారావు జట్టు అది తయారుచేసి పంపింది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లల గురించి రాశాడు, పది మందికి తాత్కాలికంగానైనా రోగం తగ్గింది. వార్డులో అనుమానం, ల్యాబ్‌లో మందు, మళ్లీ వార్డు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే పోయాడు. ఆ వంశంలోదే మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు.

జొన్నరొట్టె_కారం
మంగళవారం, సాయంత్రం 5:33

ఆయన కోస్తా ఆయన కదా అయివారూ. సరే, మనోడే అనుకుందాం.

ఆదోని_పత్తి
మంగళవారం, రాత్రి 9:48

మెథోట్రెక్సేట్ పేరు చూసి ఆగిపోయా. మా మామకు గుట్కాతో బుగ్గ క్యాన్సర్. ఆపరేషన్ చేశాక మళ్లీ వచ్చింది. అప్పుడు డాక్టరు మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికోసారి, సెలెకాక్సిబ్ మాత్రలు రోజూ రాసిచ్చారు. సెలెకాక్సిబ్ అంటే మోకాళ్ల నొప్పులకు మా అత్త వేసుకునేదే! పెద్ద ఇంజెక్షన్లు మనకు దండగ అనుకుని చేతులు దులుపుకున్నారని మేం కుమిలిపోయాం. మామ ఆ మాత్రలతో ఇంట్లోనే ఉన్నాడు, వాంతులు లేవు, సంక్రాంతికి కోడిపందెం చూడ్డానికి కూడా పోయొచ్చాడు. పది నెలలకు పోయాడు. అది నిజంగా మందేనా, లేక సర్దిచెప్పడానికి ఇచ్చారా, ఇప్పటికీ మనసులో ఉంది.

అయివారు_రిటైర్డ్
బుధవారం, ఉదయం 5:55

నిజంగా మందే నాయనా. మనసులోంచి తీసెయ్యి. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 422 మంది మీద ఇదే జత మాత్రల్ని సిస్‌ప్లాటిన్ అనే కీమో ఇంజెక్షన్‌తో పోల్చారు. 2020లో అచ్చయింది. మాత్రల వాళ్లలో సగం మంది 7.5 నెలలకు పైగా, ఇంజెక్షన్ వాళ్లలో సగం మంది 6.1 నెలలకు పైగా బతికారు. ఇబ్బందులూ మాత్రల్లోనే తక్కువ. చవకది కాబట్టి ఇచ్చింది కాదు, మంచిదని తేలి ఇచ్చింది.

అక్కడితో ఆగలేదు వాళ్లు. ఇమ్యునోథెరపీలో, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యంలో, నివోలుమాబ్ అనే మందుంది, మామూలు మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు, ఖర్చు మనబోటివాళ్లు మాట్లాడుకునేది కాదు. 20 మిల్లీగ్రాములు, అదీ మూడు వారాలకోసారి, ఈ మాత్రలకు ఎర్లోటినిబ్ అనే ఇంకో మాత్ర కలిపి, వాటికి తోడుగా ఇస్తే ఏమవుతుందని 151 మందితో చూశారు. ఏడాదికి బతికున్నవాళ్లు మాత్రలు మాత్రమే తీసుకున్న జట్టులో 16 శాతం, ఇది కలిపిన జట్టులో 43 శాతం. కంపెనీ ఏదీ తన మందు పన్నెండో వంతు చాలునేమో అని ట్రయల్ పెట్టదు కదా. జొన్నరొట్టె బాబూ, మన దగ్గర పరిశోధన జరగాల్సింది ఇందుకే. మన గుట్కా, మన జేబు, మన బస్సు దూరం లెక్కలో పెట్టుకుని ప్రశ్న అడిగేవాడు ఇక్కడివాడే అయి ఉండాలి.

గుండెలోనూ ఉంది. గుండె కండరం ప్రోటీన్ జన్యువు ఒకదానిలో 25 అక్షరాలు ఎగిరిపోయిన లోపం భారతీయుల్లో సుమారు 4 శాతం మందికి ఉందని, నడివయసులో గుండె బలహీనపడే ప్రమాదం పెంచుతుందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు పాల్గొన్న పరిశోధనలో 2009లో తేలింది. ఎవరో పల్లెల్లో రక్తమిస్తేనే కదా తెలిసింది. అయితే అది తెలిసి ఇన్నేళ్లయినా కర్నూల్లో గుండె ఓపీకి పోయిన మనిషికి దానివల్ల ఒరిగిందేమీ లేదు, ఆ మాటా ఒప్పుకోవాలి.

ఆదోని_పత్తి
బుధవారం, ఉదయం 10:10

అత్తకు చదివి వినిపించా. ఏం మాట్లాడలేదు. మీకు దండం పెట్టమంది.

గుంతకల్లు_ప్యాసింజర్
బుధవారం, రాత్రి 7:30

హంద్రీ అక్కా, అసలు ప్రశ్న పక్కకు పోయింది. ఆ కాగితాల దగ్గరికొద్దాం. మళ్లీ పోయినప్పుడు ఆ అమ్మాయిని ఇవి అడగండి: సంతకం పెట్టాక మధ్యలో మానుకుంటే అమ్మ వైద్యం ఏమన్నా మారుతుందా? రక్తం అదనంగా గుచ్చి తీస్తారా, మామూలు పరీక్షకు తీసినప్పుడే ఇంకో ట్యూబు నింపుతారా? జన్యు పరీక్షలు చేస్తారా, చేస్తే ఫలితం మాకు చెబుతారా? మిగిలిన రక్తాన్ని ఎన్నేళ్లు దాస్తారు, ఇంకెవరికన్నా ఇస్తారా? అదనపు ఎకోల ఖర్చు, దారి ఖర్చు ఎవరిది? ఎథిక్స్ కమిటీ (పరిశోధన న్యాయంగా ఉందా అని చూసే కమిటీ) అనుమతి కాగితం చూపిస్తారా, ఫిర్యాదు చేయాలంటే అక్కడ ఎవరికి చేయాలి? మందులు పరీక్షించే ట్రయల్ అయితే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తప్పనిసరిగా నమోదై ఉండాలి, 2009 నుంచి ఆ రూల్ ఉంది. ఇలాంటి మందు మార్చని పరిశోధనల్నీ చాలామంది అందులో నమోదు చేస్తారు, నంబరు అడిగితే పోయేదేం లేదు.

విసుక్కుంటే సంతకం పెట్టకుండా వచ్చేయండి. కూర్చోబెట్టి చెబితే ఆలోచించండి. ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు చదువుతామంటే కాదనకూడదు, అది మీ హక్కు.

నల్లమల_గాలి
బుధవారం, రాత్రి 8:15

ఈ లిస్టు ప్రింటు తీసి పిన్ని ఫైలులో పెట్టేశా.

డోన్_జంక్షన్
బుధవారం, రాత్రి 9:00

ఇంకొక్క డౌటు అయివారూ, లాస్టు. ఎర్ర మందుతో గుండె దెబ్బతినకుండా ముందే ఏమన్నా ఇవ్వొచ్చా? మీ కోళ్ల మాత్ర పనికిరాదా?

అయివారు_రిటైర్డ్
గురువారం, ఉదయం 6:00

తెలివైన ప్రశ్న. చూశారు కూడా. లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, వచ్చిన 300 మందికి ఎర్ర మందుతోపాటు అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్ర 40 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, పంపింగ్ బాగా పడిపోయినవాళ్లు 9 శాతం, ఉత్త మాత్ర జట్టులో 22 శాతం, 2023 సంగతి. అంతకుముందు ఏడాది ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ స్త్రీలలో చేసిన ఇంకో ట్రయల్లో తేడా ఏమీ కనిపించలేదు. వాళ్లకు పడే ఎర్ర మందు మోతాదు తక్కువ కావడం ఒక కారణం కావచ్చు. కాబట్టి ఎవరూ ఇది చదివి ఇంట్లో డబ్బాలో ఉన్న మాత్ర మింగొద్దు. మోడరేటర్ గారు నా నంబరు కూడా తీసేస్తారు.

హంద్రీ_ఒడ్డు
ఆరు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:35

ఇన్నాళ్లు రాయలేకపోయా, క్షమించండి. తమ్ముడు చెప్పినట్టే పాత సీడీలు తీసుకుని మొదట ఎకో తీసిన చోటికే పోయాం. 54. గుండె డాక్టరు నవ్వారు, ఆయన నవ్వడం అదే మొదటిసారి చూడ్డం. మాత్రలు ఆపొద్దన్నారు. క్యాన్సర్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడారు. అమ్మకు రెండు గ్రంథులకు పాకింది కాబట్టి మిగతా డోసులు కూడా ఇద్దాం, కానీ ఈసారి ఎకో తొందర తొందరగా చూస్తూ అని ఇద్దరూ అనుకున్నారు. పదో డోసు పోయిన మంగళవారం పడింది.

కాగితాల సంగతి. ఆ అమ్మాయి ముందు తడబడింది, తర్వాత తమకు పైన ఉన్న డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన గంటసేపు కూర్చుని అన్నీ చెప్పారు. రక్తం మామూలు పరీక్షకు తీసినప్పుడే తీస్తారు. జన్యు పరీక్ష ఉంది, ఫలితం ఇవ్వరు, అది నాకు నచ్చలేదని చెప్పాను. ఆయన కాగితం మీద రాసుకున్నారు, ఎంతవరకు పట్టించుకుంటారో చూడాలి. దారి ఖర్చు ఇవ్వరంట. అది నాన్నకు నచ్చలేదు.

నేనింకా ఊగిసలాడుతుంటే అమ్మే పెన్ను అడిగింది. "నాకు ముందు ఎవరో ఇచ్చారంట కదా, ఆ అయివారు రాసింది నువ్వు చదివి చెప్పావు కదా" అని సంతకం పెట్టింది. నాన్న బయట కారిడార్లో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. తిరిగొచ్చేటప్పుడు జడ్చర్లలో బస్సు ఆపితే మాత్రం అమ్మకు చేతికి గుచ్చిన చోట నొప్పిగా ఉందా అని నాలుగుసార్లు అడిగాడు.

జొన్నరొట్టె_కారం
శనివారం, రాత్రి 9:52

54! సంతోషం చెల్లీ. దారి ఖర్చు గురించి మీ నాయన అడిగింది న్యాయమే, వదలొద్దని చెప్పు. వచ్చే ఎకో ఎప్పుడు?

హంద్రీ_ఒడ్డు
శనివారం, రాత్రి 9:58

వచ్చే నెల 14న అన్నా. పొద్దున ఆరింటి బస్సు.